ఎర్రడబ్బాలో ఒక్క ఓటు

ఈ రోజుల్లో ఓటంటే ఏమిటో పిల్లలకు ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు. మా మనవడు మాటలు సరిగ్గా రాకముందే గరిటె మైకులా పట్టుకుని, "మీ అమూల్యమైన ఓటు" అంటూ వంటింట్లోంచి వాకిట్లోకి ఊరేగాడు. ఆ రోజుల్లో అలా కాదు. స్వరాజ్యం వచ్చి ఎన్నాళ్లో కాలేదు. ఓటు అనేది పన్ను కట్టే పెద్ద రైతులకూ, కరణానికీ, చదువుకున్న ఒకరిద్దరికీ తప్ప మిగతా ఊరికి సంబంధం లేని వస్తువు. జమీందారు ఇంట్లో గ్రామఫోను పెట్టె ఉందని విన్నట్టే దాని గురించీ విన్నారు గాని, ముట్టుకున్నవాళ్లు లేరు. అలాంటి ఓటును పిల్లలకు నేర్పబోయి, గెలవకూడని ఎన్నికలో నేను గెలిచిన సంగతి ఇది. నవ్వుతూ చెబుదామనే మొదలుపెడుతున్నాను. చివరిదాకా నవ్వుతానో లేదో చూడాలి.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. నరసరావుపేటలో పుట్టి పెరిగి, గుంటూరులో ట్రైనింగు ముగించి, కారంపూడి అవతల ఒక చిన్న ఊళ్లో మిషను బడికి పంతులమ్మగా వెళ్లాను. పిడుగురాళ్లలో రైలు దిగి ఎడ్లబండి ఎక్కితే, సున్నపు బట్టీలు దాటేసరికి నా నల్లంచు చీర తెల్లంచు చీరైపోయింది. బడి ముందు బండి దిగగానే, గుమ్మంలో నిలబడ్డ పొడుగాటి ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏందమ్మాయ్, గోడకి కొట్టాల్సిన సున్నం నువ్వు కొట్టుకొచ్చావ్?" అన్నారు. ఆయనే మా పెద్దపంతులు. (పిల్లలు చాటున పిలుచుకునే పేరు బరికె పంతులు. ఆ పేరు ఆయనకు తెలియదని ఊరంతా అనుకునేది. ఆయన చేతిలో ఎప్పుడూ ఉండే చింతబరికెకు తప్ప అందరికీ తెలుసని నా అనుమానం.)

ఊరికీ, ఊరవతల కూలీలుండే పల్లెకూ మధ్య, నాపరాళ్లు పరిచిన కప్పు కింద ఉండేది మా బడి. ఒకే పొడుగాటి గది. తూర్పు కొసన నేను చిన్న తరగతులకు, పడమటి కొసన ఆయన పెద్ద తరగతులకు. ఎండాకాలం ఆ నాపరాళ్లు పెనంలా కాలేవి. ఆయన బరికె కూడా అంతే. ఎక్కం తప్పితే దెబ్బ, పలక మరిస్తే దెబ్బ, దెబ్బకు ఏడిస్తే ఏడ్చినందుకు దెబ్బ. అంతలోనే ఎండన పడి నడిచొచ్చిన పిల్లకు తన కుండలో మజ్జిగ పోసి తాగించేవారు. భార్య ఎన్నడో పోయింది. ఇద్దరు పిల్లలు పుట్టి ఒకే మశూచిలో ఒకరి వెనక ఒకరు పోయారు. బడి పక్క గదిలో ఒంటరిగా జొన్నసంకటి కెలుక్కుని తింటూ ముప్ఫై ఏళ్లుగా ఆ ఊళ్లోనే ఉండిపోయారు. ఎవరైనా జాలిపడితే కోపం వచ్చేది. "నాకు పిల్లల్లేరని ఎవడన్నాడయ్యా? అదుగో, ఆ గదినిండా నా పిల్లలే. మీ ఇంట్లో ఉంటారా ఇంతమంది?" అనేవారు. ఆ మాట ఆయన నిజంగా నమ్మారు. వాళ్లకూ తానంటే ప్రాణమని నమ్మారు. ఈ కథంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది.

ఒకనాడు బళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇకమీదట దేశంలో ఆడా మగా, కూలీ కాపూ అనే తేడా లేకుండా అందరికీ ఓటు రాబోతోందనీ, బళ్లో పిల్లలకు ఎన్నికల పద్ధతి చూపిస్తే వాళ్లు ఇంటికెళ్లి పెద్దలకు చెబుతారనీ, వెళ్తూ వెళ్తూ ఒక మాట అనేసి గుర్రబ్బండి ఎక్కాడు. పెద్దపంతులుకు అది దేవుడి ఆజ్ఞతో సమానం. యుద్ధం ముగిశాక జరిగిన పాత ఎన్నికల్లో ఆయన ఓటు వేసి వచ్చారు. మనిషికో రంగు పెట్టె పెట్టారనీ, తెర చాటుకు వెళ్లి వేశాననీ, ఎవరికేశానో దేవదూత దిగొచ్చి అడిగినా చెప్పననీ అప్పటికే నాకు పదిసార్లు చెప్పారు.

"పిల్లల్లోంచి ఇద్దర్ని నిలబెడదామండీ" అన్నాను నేను, ట్రైనింగులో నేర్చుకున్న ఉత్సాహంతో.

ఆయన నా వంక జాలిగా చూశారు. "నువ్వు పేటదానివి, నీకు తెలవదు. ఊరి పిల్లోడొకడు, పల్లె పిల్లోడొకడు నిలబడ్డారనుకో, పొద్దుగూకేసరికి వాళ్ల అయ్యలు కర్రలు తీస్తారు. ఇద్దరూ ఊరోళ్లే అయితే ఇంకా ముందే తీస్తారు. ఇది పల్నాడమ్మాయ్. మనమే నిలబడదాం. నేనూ, నువ్వూ. గెలిచినోళ్లు వారం రోజులు బడికి పెద్ద. ఓడినోళ్లు వాళ్ల మాట వినాలి."

అప్పటికి నాకు పిల్లలంటే భయం. నేను వాళ్లను కొట్టకపోవడానికి కారణం దయ అని ఊళ్లో చెప్పుకునేవారు గాని, అసలు కారణం వాళ్లు తిరగబడతారేమోనన్న దిగులు. (వచ్చిన మొదటివారంలోనే నా కుర్చీ మీద ఒక కప్ప కూర్చుని ఉంది. నేను దానికి కుర్చీ వదిలేసి ఆ పూటంతా నిలబడే పాఠం చెప్పాను.) వద్దన్నా ఆయన వినలేదు. పైగా నన్నే ఓదార్చారు: "ఓడితే ఏడవమాక. చిన్న తరగతోళ్లు కొందరు నీకేస్తార్లే. మరీ పరువు పోయేట్టు ఏం జరగదు."

ముందు చింతపిక్కలతో ప్రయత్నించాం. రెండు కిరసనాయిలు డబ్బాలు కడిగి, ఒకదానికి ఎర్రకాగితం, ఒకదానికి పచ్చకాగితం అంటించాం. ఎర్రది ఆయనది, పచ్చది నాది. ఆయన దుప్పటే తెర. పిల్లకో చింతపిక్క ఇచ్చి పంపితే, లెక్క చూసేసరికి డబ్బాల్లో పిల్లలకంటే పిక్కలు రెట్టింపు ఉన్నాయి. జేబులు వెతికితే ఇంటినుంచి గుప్పెళ్లకొద్దీ తెచ్చుకున్నారు. అదీగాక పిక్క పడగానే డబ్బా టంగుమనేది. ఎడమ డబ్బా మోగిందో కుడిది మోగిందో బయట కూర్చున్నవాళ్లంతా విని కేకలు వేసేవారు. "ఇట్టా అయితే గుట్టెక్కడుందిరా?" అని ఆయన పిక్కలన్నీ పారబోయించి, కాగితం ముక్కలు కత్తిరించి, ఒక్కోదానిమీద బడి ముద్ర కొట్టారు. తర్వాత అందర్నీ కూర్చోబెట్టి ఓటు గుట్టు గురించి చెప్పారు. ఆ పాఠం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"ఒరేయ్, ఇనండి. తెర లోపలికి పోయాక నువ్వూ దేవుడూ, అంతే. నేను కనపడను, మీ అయ్య కనపడడు, బరికె కనపడదు. నీ మనసుకి ఎవరు కావాలనిపిస్తే వాళ్లకెయ్యి. బయటికొచ్చాక ఎవడూ నిన్ను అడగకూడదు. అడిగినోడు దొంగ. చెప్పినోడు వెర్రోడు."

పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. ఆయన ఏ పాఠమూ అంత శ్రద్ధగా చెప్పలేదు, వాళ్లు ఏ పాఠమూ అంత శ్రద్ధగా వినలేదు. ఒకడు మాత్రం, "కాయితం చింపి సగం ఇందులో సగం అందులో ఎయ్యొచ్చా పంతులుగారూ?" అని అడిగి చెవి మెలివేయించుకున్నాడు. వాడి పేరు తొండ. గోడలెక్కడంలో వాడిని మించినవాడు లేడు, దెబ్బలు తినడంలోనూ లేడు. నా కుర్చీలో కప్ప కూడా వాడి చలవేనని తర్వాత తెలిసింది.

ఎన్నిక రోజున ప్రసంగాలు. ఆయన ఖద్దరు కండువా వేసుకుని, మీ అయ్యలకు నేనే చదువు చెప్పాను, మీ పేర్లు సగం నేనే పెట్టాను, అని గంభీరంగా మాట్లాడారు. గోరింక అని పిలిచే ఒక సన్నటి పిల్ల లేచి, "మీరు గెలిస్తే బరికె తీసేస్తారా పంతులుగారూ?" అని అడిగింది. ఆయన పకపకా నవ్వారు. "బరికె లేకుండా చదువెట్టా వస్తదే పిచ్చిమొహమా?" అన్నారు. పిల్లలు కూడా నవ్వారు. నాకు మాత్రం ఆ నవ్వులో ఏదో తేడా వినిపించింది. నా వంతు వచ్చినప్పుడు నేను లేచి, నాకు అనుభవం లేదనీ, అందరూ పెద్దపంతులుగారికే వేయాలనీ చెప్పి కూర్చున్నాను. ఓడిపోవడానికి అంతకంటే గట్టిగా ప్రయత్నించిన మనిషిని ఆ తర్వాత ఇన్ని ఎన్నికల్లో నేనెక్కడా చూడలేదు.

నిలబడ్డవాళ్లకూ ఓటుంటుందని ముందు ఆయన, తర్వాత నేను తెర చాటుకు వెళ్లొచ్చాం. నేను నా కాగితం ఎర్రడబ్బాలో వేశాను. తర్వాత పిల్లలు ఒక్కొక్కరే వెళ్లారు. కొందరు లోపల దణ్ణం పెట్టుకున్నారు. ఒక చిన్నది కాగితం నోట్లో పెట్టుకుని నమిలేసి, మళ్లీ కావాలని ఏడ్చింది. గోడ బయట పెద్దవాళ్లు కూడా చేరి చోద్యం చూస్తున్నారు. మా పాలేరుకీ నాకూ చెరొకటేనా ఓటు, అని ఒక పెద్దరైతు అడుగుతుంటే, పెద్దపంతులు గుమ్మంలోంచే, "చెరొకటే. నువ్వు రెండు మెతుకులు ఎక్కువ తిన్నావని రెండియ్యరు" అని జవాబిచ్చారు. ఆ పూట ఆయనంత సంతోషంగా ఉన్న మనిషి పల్నాడులో ఇంకొకరు లేరు.

మధ్యాహ్నం అందరి ముందూ డబ్బాలు తెరిచాం. పచ్చడబ్బా బోర్లిస్తే కాగితాలు కుప్పగా పడ్డాయి. ఎర్రడబ్బా బోర్లిస్తే ఒకే ఒక్క కాగితం పడింది.

ఆయన డబ్బా అడుగున అరచేత్తో రెండు చరుపులు చరిచారు. ఏమీ పడలేదు. "ఇరుక్కున్నాయేమో చూడమ్మాయ్" అన్నారు. నేను చూశాను. లేవన్నాను. ఆయన తనే చేయి లోపల పెట్టి తడిమారు. కోసిన రేకు అంచు గీసుకుని వేలినుంచి రక్తం వచ్చింది. ఆ వేలు కండువాతో నొక్కిపట్టుకుని కాసేపు ఊరికే నిలబడ్డారు. గెలిచినందుకు నాకు చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు. ముందుగా ఆయనే తేరుకుని, "కొట్టండిరా చప్పట్లు! చిన్న పంతులమ్మ గెలిచింది" అని కేకేశారు. ఆ కేక మామూలుగానే ఉంది. కండువా మాత్రం వేలినుంచి తీయలేదు.

పిల్లలు వెళ్లాక ఆయన బెంచీ మీద కూర్చున్నారు. నేను కాగితాలు ఏరుతున్నట్టు నటిస్తూ నేల మీద కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన, "నా ఓటు నీకే ఏశానమ్మాయ్. పెద్దోణ్ణి, నాకు నేను ఏసుకుంటే బాగుండదని" అన్నారు. ఆగి, నా వంక చూడకుండా అడిగారు. "అడగకూడదనుకో. అయినా అడుగుతున్నా. నువ్వు ఎవరికేశావ్?"

నేను తలెత్తి చూశాను. ముప్ఫై ఏళ్లుగా గదినిండా పిల్లలున్నారని చెప్పుకున్న మనిషి, ఒక్క పిల్లనైనా మిగిల్చుకోవాలని నా నోటివంక చూస్తున్నాడు.

"నాకే వేసుకున్నానండీ" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, గట్టిగా నవ్వేశారు. "సిగ్గులేని పిల్ల! నీకు ఓటెయ్యొద్దని ఊరందరికీ చెప్పి నువ్వేసుకున్నావా?" నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు. తర్వాత ఆ ఒక్క కాగితాన్నీ వెలుతురులో తిప్పి చూసి, మెల్లగా అన్నారు: "అయితే ఇది పిల్లల్లో ఎవరిదో అన్నమాట."

అప్పటినుంచి ఆయన వెతుకులాట మొదలైంది. అడగకూడదని తనే పాఠం చెప్పారు, కాబట్టి అడగలేరు. అడిగినవాడు దొంగ అన్నది ఆయనే. ఇక మొహాలు చూసి కనుక్కోవాలి. నేను పెద్దనైన ఆ వారమంతా ఆయన చిన్న తరగతిలో కూర్చుని పసిపిల్లల వేళ్లు పట్టుకుని అక్షరాలు దిద్దించారు. వారం అయిపోయినా లేవలేదు. ప్రతి పిల్లవాడి మొహంలోకీ తొంగి చూసేవారు. వీడేనేమో అనుకుంటే వాడిని కొట్టడానికి చెయ్యి వచ్చేది కాదు. రేపు ఇంకొకరి మీద అనుమానం కలిగేది, వాళ్లనూ కొట్టలేకపోయేవారు. అలా అందరిమీదా అనుమానం తిరిగేసరికి బరికెకు పనే లేకపోయింది. (మొదట్లో ఆయన మృదువుగా మాట్లాడాలని ప్రయత్నిస్తే పిల్లలు బెదిరిపోయారు. "నాయనా" అని ఒకణ్ణి పిలిస్తే, ఏదో పెద్ద శిక్ష రాబోతోందని వాడు బడి ఎగ్గొట్టి జొన్నచేలో దాక్కున్నాడు.)

సాయంత్రాలు నాకు సమాచారం చెప్పేవారు. "గోరింకే అనుకున్నానమ్మాయ్. దినాం నాకు నీళ్లు తెచ్చి పెడతది గదా. కాదు. నీకేశానని తోటి పిల్లకి చెప్తుంటే ఇన్నా" అనేవారు. అది చెప్పేటప్పుడు ముడుచుకుపోయే మొహం, ఇంకో పేరు తలుచుకోగానే మళ్లీ విచ్చుకునేది. "కరణం మనవడేమో. ఇయ్యాల నన్ను చూసి నవ్వాడు." నేను ఊ కొట్టేదాన్ని. నిజం చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. చెప్పకపోతే ఏమవుతుందో మాత్రం అప్పుడు తెలియదు. చూస్తూ చూస్తూ ఉండగానే పిల్లలు ఆయన చుట్టూ మూగడం మొదలుపెట్టారు. ఆయన మంచం పక్కన కూర్చుని మధ్యాహ్నాలు సద్దన్నం తినేవారు. ఈ ముసలాయన ఎవరికోసమో వెతుకుతున్నాడని వాళ్లకు కూడా తెలిసిపోయింది. పిల్లల దగ్గర ఏ గుట్టు దాగుతుంది?

చలికాలం వచ్చేసరికి ఆయనకు రొమ్ములో నెమ్ము చేరింది. పల్లెలో నాటువైద్యుడి కషాయాలు పనిచేయలేదు. మంచం పక్కకు కుంపటి పెట్టి, బడి నేనే నడుపుతున్నాను. ఒక ఉదయం గంజి పట్టుకుని వెళ్తే లోపలినుంచి తొండ గొంతు వినిపించి గుమ్మంలో ఆగిపోయాను.

"పంతులుగారూ, అది నేనే ఏశానండీ."

"ఏంది?"

"ఓటు. ఎర్రడబ్బాలో. నేనే."

వాడి వీపు నాకు కనిపిస్తోంది. ఆయన చేత ఊళ్లో అందరికంటే ఎక్కువ దెబ్బలు తిన్న వీపు. ఆయన చెయ్యి చాపి వాడి తల నిమిరారు. "చెప్పినోడు వెర్రోడని చెప్పలేదంట్రా?" అన్నారు.

నేను అప్పుడే అక్కణ్ణుంచి వెళ్లిపోయాను. ఏడుపొచ్చిందని కాదు. (ఏడుపే వచ్చింది.) ఆయన వెతుకులాట ముగిసిందనుకున్నాను. కాని ఆ మధ్యాహ్నం గోరింక వెళ్లి తనే వేశానంది. మర్నాడు కరణం మనవడు. తర్వాత ఇద్దరు అక్కచెల్లెళ్లు కలిసి వెళ్లి, ఇద్దరమూ వేశామన్నారు. కాగితం నమిలిన చిన్నది కూడా వెళ్లింది. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరికి వారు ముసలాయనకు ఆ ఒక్కటీ ఇచ్చి రావాలనుకున్నారు.

ఆ వారం చివర ఆయన నన్ను పిలిచారు. దగ్గు మధ్య మాటలు విడివిడిగా వస్తున్నాయి.

"అమ్మాయ్, లెక్క ఎవరు పెట్టారు ఆ రోజు?"

"నేనేనండీ."

"చూడు మరి. బడి బడంతా నాకే ఏశామంటన్నారు. ఒక్కటే వచ్చిందని ఎట్టా లెక్కపెట్టావ్? నీకు లెక్కలు రావని మొదటినించీ నాకు అనుమానమే."

నవ్వుతున్నారు. నవ్వుతూనే నా మొహంలోకి చూశారు, ఇన్నాళ్లూ పిల్లల మొహాల్లోకి చూసినట్టు. నేను తల వంచుకున్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. కాసేపటికి నా చేతి మీద చెయ్యి వేసి, "చానా మంచి ఎన్నికమ్మాయ్ మనది" అని మాత్రం అన్నారు.

రెండు రోజులకు బండిలో గడ్డి పరిచి ఆయన్ని నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్లారు. పిల్లలు ఊరి పొలిమేర దాకా బండి వెంట పరుగెత్తారు. ఆయన తిరిగి రాలేదు. అక్కడే సమాధి చేశారని కబురు వచ్చిన రోజున నేను బడి గంట కొట్టలేకపోయాను. పిల్లలే కొట్టుకుని, లోపలికి వచ్చి, పడమటి కొసన వరసగా కూర్చున్నారు. ఎవరూ అల్లరి చేయలేదు. నా జీవితంలో అంత నిశ్శబ్దమైన తరగతి ఇంకొకటి లేదు. అల్లరి చేస్తే బాగుండునని నేను కోరుకున్న తరగతి కూడా అదొక్కటే.

తర్వాత నన్నే బడికి పెద్దను చేస్తూ మిషనువాళ్ల ఉత్తరువు వచ్చింది. మరుసటి ఏడు పిల్లలు నా చుట్టూ చేరి, మళ్లీ ఎన్నిక పెట్టమన్నారు. ఎన్నికంటే ఒకసారితో పోయేది కాదనీ, మళ్లీ మళ్లీ వస్తుందనీ ఆయన చెప్పారట.

"నాకెదురు ఎవరు నిలబడతారు నాయనా?" అన్నాను.

"పెద్దపంతులుగారు" అన్నాడు తొండ.

"ఆయన లేరుగా."

"లేనోళ్లు నిలబడకూడదని ఆయన చెప్పలా గదా పంతులమ్మగారూ."

ఎన్నికా లేదు గిన్నికా లేదు, పోయి ఎక్కాలు రాయండని కసిరేసి, ఆయన గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. ఎన్నిక రద్దు చేసి గద్దె మీద కూర్చున్న మొట్టమొదటి పాలకురాలిని నేనేనేమో. ఇప్పుడీ వయసులో ఆ కుర్రపంతులమ్మను తలుచుకుంటే జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది. అంత కంగారుపడి తలుపు వేసుకోవలసింది కాదు. కళ్లు తుడుచుకుని ఆ ఎన్నిక పెట్టి ఉండాల్సింది. హాయిగా ఓడిపోయేదాన్ని.